నాన్నగారికి తెలుగు చదువుకోవడానికి ఈ-రీడర్: ముందు తెర కొలత, తర్వాతే కంపెనీ పేరు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తెనాలిలో ఉండే మీ నాన్నగారికి డెబ్బై దాటాయి. కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. పాత తెలుగు నవలలంటే ప్రాణం. మీరు కొనిచ్చిన టాబ్లెట్‌ను అరగంటకే పక్కన పెట్టేస్తున్నారు. పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం, అంటే ఈ-రీడర్, కొందామని దుకాణానికి వెళ్తే ‘అవి ఇంగ్లీషు పుస్తకాలకే, తెలుగుకు పనికిరావు’ అన్నారు. ఇంకొకరు కొత్తగా వచ్చిన రంగుల తెరది తీసుకోమన్నారు. ఏది నమ్మాలి, ఏది కొనాలి అని అడిగారు.

పనికివస్తాయి. 2011 నుంచి నేను వీటి మీదే తెలుగు చదువుతున్నాను. ఇప్పటికి ఏడు ఈ-రీడర్లు నా చేతుల్లోంచి వెళ్లాయి. ఈ క్షణంలో కూడా ఒకటి నా మంచం పక్కన ఉంది. ఫోన్లూ వాచీలూ ఎన్ని కొత్తవి వచ్చినా నాకు అంత ఉత్సాహం ఉండదు కానీ, ఈ-రీడర్లలో వాడే ఈ-ఇంకు తెర మీద కొత్తది ఏది వచ్చినా ఆ రాత్రి నిద్రపట్టదు. అందుకే ఈ సమాధానం పొడుగ్గా ఉంటుంది.

అయితే దుకాణదారు మాటలో కొంత నిజం లేకపోలేదు. పెట్టె తెరిచి చేతికిస్తే తెలుగు గడగడా చూపించే వస్తువు కాదిది. ముందు ఒక పూట మీరు దానితో కూర్చోవాలి. ఆ పూట మీరు కూర్చోగలిగితే నాన్నగారికి ఆ తర్వాత ఏ ఇబ్బందీ ఉండదు. కూర్చునే వీలు లేకపోతే ఇప్పుడే కొనవద్దు. కొనేటప్పుడు చూడవలసినవి రెండే: తెర కొలత ఎంత, మనకు నచ్చిన ఫాంటునూ మన దగ్గరున్న ఫైలునూ దానిలోకి ఎక్కించుకోవచ్చా. కంపెనీ పేరు వీటి తర్వాతి మాట. రంగు అక్కర్లేదు, ఎందుకో కింద చెబుతాను.

మొదట ఈ తెర టాబ్లెట్ తెర కన్నా ఎందుకు వేరో చెప్పాలి, నాన్నగారి అరగంట సంగతి అక్కడే ఉంది. టాబ్లెట్ తెర వెనక దీపం ఉంటుంది, అది నేరుగా కళ్లలోకి వెలుగుతుంది. ఈ-ఇంకు తెర స్వయంగా వెలగదు. దానిలో వెంట్రుక మందమంత సన్నని గుళికలు లక్షల కొద్దీ పరిచి ఉంటాయి. ఒక్కో గుళికలో పారదర్శకమైన ద్రవం, ఆ ద్రవంలో తెల్లటి రేణువులు, నల్లటి రేణువులు. తెల్లవాటికి ఒక రకం విద్యుదావేశం, నల్లవాటికి దానికి వ్యతిరేకమైనది. కింది నుంచి విద్యుత్తు ఒక దిక్కున ఇస్తే తెల్లవి పైకి తేలతాయి, దిక్కు మారిస్తే నల్లవి తేలతాయి. తేలినవి అక్కడే ఉండిపోతాయి, వాటిని నిలిపి ఉంచడానికి మళ్లీ కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ అయిపోయినా తెర మీద పేజీ అలాగే కనిపిస్తుంది. మనం చూసేది గదిలోని వెలుతురు ఆ రేణువుల మీద పడి తిరిగి వచ్చిన రూపాన్ని, అంటే కాగితం మీద చూసినట్టే. మధ్యాహ్నం పూట ఎర్రటి ఎండలో అరుగు మీద కూర్చున్నా అక్షరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుందే తప్ప వెలవెలబోదు. ఏడు పరికరాల తర్వాత కూడా, పెరట్లో కుర్చీ వేసుకుని ఎండలో చదువుతున్నప్పుడు నాకు ఇది అబ్బురంగానే ఉంటుంది.

అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జేకబ్సన్, ఆయన దగ్గర చదువుకున్న బారెట్ కామిస్కీ, జేడీ ఆల్బర్ట్ పుట్టించిన ఆలోచన ఇది. 1997లో ఈ ఇంక్ కంపెనీ పెట్టారు. 2004లో సోనీ జపాన్‌లో లిబ్రియే అనే పరికరం తెచ్చింది. 2007 నవంబరు 19న అమెజాన్ వారి కిండిల్ వచ్చి ఐదున్నర గంటల్లో అమ్ముడైపోయింది. మొదటి కిండిల్ తెర 6 అంగుళాలు, అంగుళానికి 167 చుక్కలు, నలుపు తెలుపుల మధ్య నాలుగే ఛాయలు. 2012లో తెర అంచున చిన్న దీపాలు పెట్టి, వెలుతురును తెర మీదుగా పరిచే పద్ధతి వచ్చింది. ఈ దీపం తెర వెనక నుంచి కాక ముందు నుంచి పడుతుంది. దాన్ని పూర్తిగా ఆపివేయవచ్చు కూడా. ఇప్పటి మంచి పరికరాలలో ఆ కాంతిని తెలుపు నుంచి పసుపు దాకా మార్చుకోవచ్చు. నాన్నగారికి రాత్రి పూట పసుపు వైపు జరిపి, బాగా తగ్గించి పెట్టండి. ఆపరేషన్ అయిన కంటికి ఎంతసేపు చదవడం మంచిదన్నది మాత్రం డాక్టరునే అడగండి.

ఇక తెలుగు విషయం.

మన అక్షరం మూడంతస్తుల మేడ. మధ్య అంతస్తులో హల్లు, పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో సకారం, దాని మీద గుడిదీర్ఘం, దాని కింద తావత్తు, ఇంకా రావత్తు. ఇంగ్లీషు అక్షరాన్ని గీసినట్టు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే ఇది రాదు. కంప్యూటర్‌లో ఈ అక్షరం వరుసగా ఆరు సంకేతాలుగా ఉంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్నమాట. ఈ ఆరింటినీ చూసి, ఏది ఎక్కడికి ఎక్కాలో, ఏది కిందికి దిగాలో తేల్చి, ఒక్క ముద్దగా గీయవలసిన పని వేరే ఒక సాఫ్ట్‌వేర్‌ది. ఫాంటు ఉంటే చాలదు, ఈ కూర్పు తెలిసిన సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. దుకాణదారు చూసిన పరికరంలో బహుశా ఇదే లేదు.

ఇది ఎంత సున్నితమైన పనో తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోండి. ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరం ఒక ప్రత్యేక వరుసలో సందేశంగా వస్తే ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలేది. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనిపించని ఒక విభజన గుర్తు, ఆ పైన దీర్ఘం వచ్చినప్పుడు ఆ కూర్పు సాఫ్ట్‌వేర్ తడబడింది. ఆపిల్ కొద్ది రోజులలోనే 11.2.6 అనే సవరణ విడుదల చేసి సరిచేసింది. ప్రపంచంలోని ఐఫోన్లన్నీ మన జ్ఞానం దగ్గర ఆగిపోయాయని అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం మన లిపికి ఎంత జాగ్రత్తగా పని చేయాలో అందరికీ ఒకేసారి తెలిసిందని అనిపించింది.

ఫోన్లలో తెలుగు చాలా కాలంగా కుదురుగా ఉంది. ఆండ్రాయిడ్‌లో 2012 నాటి 4.1 రూపం నుంచి తెలుగు ఉంది. ఈ-రీడర్లు మాత్రం వెనకబడ్డాయి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి భారతీయ భాషల పుస్తకాలు తెస్తున్నామని ప్రకటించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. కోట్లమంది మాట్లాడే భాష, ఇంటింటా వారపత్రికల సీరియళ్లు చింపి బైండు చేయించుకున్న పాఠకులున్న భాష, ఆ ఐదింటిలో లేకపోవడం ఏమిటి? అందుకే తెలుగు పాఠకుడు పరికరంతో వచ్చే దుకాణం మీద ఆధారపడకూడదు. తన పుస్తకాన్ని తానే ఎక్కించుకోగలిగిన పరికరాన్ని ఎంచుకోవాలి.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఇందాక చెప్పిన లిబ్రియేలో కొన్న పుస్తకాలు 60 రోజుల తర్వాత తెరుచుకునేవి కావు. 2009 జులైలో అమెజాన్ తాను అమ్మిన రెండు పుస్తకాలను పాఠకుల కిండిళ్ల నుంచి దూరం నుంచే తొలగించింది, తర్వాత క్షమాపణ చెప్పింది. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకునే సదుపాయాన్ని తీసేసింది. కాబట్టి ఏ పరికరం కొన్నా, పుస్తకాల ఫైళ్లు మీ కంప్యూటర్‌లోనూ ఒక పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచుకోండి. పరికరం పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఏరి కూర్చుకున్న మూడు వందల పుస్తకాలు పోతే మళ్లీ కూర్చడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు కొలతల దగ్గరికి వద్దాం. అందరూ పొరపడేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మీ నాన్నగారు చదవాలనుకునే పుస్తకాలు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి ఈపబ్ ఫైలు. దానిలో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు, వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. ఇలాంటి వాటికి 6 అంగుళాల తెర కూడా చాలు. రెండోది స్కాన్ చేసిన పీడీఎఫ్. అంటే ప్రతి పేజీ ఒక ఫోటో. పాత తెలుగు పుస్తకాలలో చాలా భాగం మనకు ఇలాగే దొరుకుతాయి. ఫోటోలోని అక్షరాన్ని విడిగా పెద్దది చేయలేం, పేజీ మొత్తాన్ని పెంచాలి.

మన నవలలు ఎక్కువగా డెమీ సైజులో ఉంటాయి, అంటే దాదాపు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. చుట్టూ అంచులు తీసేస్తే అచ్చు ఉన్న భాగం సుమారు 4.25 అంగుళాలు, 7 అంగుళాలు. 6 అంగుళాల ఈ-రీడర్ తెర అసలు వెడల్పు 3.6, ఎత్తు 4.8 అంగుళాలే. అంచులు కత్తిరించి పేజీ మొత్తం దానిలో ఇరికిస్తే అక్షరం అసలు పుస్తకంలో ఉన్నదానిలో 69 శాతానికి కుదించుకుపోతుంది. 12 పాయింట్ల అచ్చు 8 పాయింట్లు అవుతుంది. డెబ్బై దాటినవారికి అది చీమల బారు. 7.8 అంగుళాల తెరలో అదే పేజీ 89 శాతం కనిపిస్తుంది, పుస్తకానికి చాలా దగ్గర. 10.3 అంగుళాల తెరలో 118 శాతం, అంటే అచ్చు పుస్తకం కన్నా పెద్దది.

చిన్న తెర ఉన్నవారికి ఒక చిట్కా ఉంది. పరికరాన్ని అడ్డంగా తిప్పండి. 6 అంగుళాల తెర అడ్డంగా పట్టుకుంటే వెడల్పు 4.8 అంగుళాలు, అచ్చు వెడల్పు 4.25. అంటే అక్షరం అసలు కన్నా 13 శాతం పెద్దగా కనిపిస్తుంది! పేజీ ఒక్కసారిగా కనిపించదు, రెండుసార్లు కిందికి జరపాలి, అంతే. నా మొదటి పరికరం మీద నాలుగేళ్లు ఇలాగే చదివాను. పేజీ మధ్యలో ఆగి, కిందికి జరిపి, మళ్లీ అందుకోవడం వారం రోజుల్లో చేతికి అలవాటైపోయింది. అయినా మీ నాన్నగారికి నేను దీన్ని సూచించను. ఆయనకు 7.8 అంగుళాలు కనీసం. డబ్బు అనుకూలిస్తే 10.3. రెండోది బరువు, చేత్తో ఎక్కువసేపు పట్టుకోలేరు. పడక్కుర్చీలో ఒళ్లో దిండు పెట్టుకుని చదివే అలవాటు ఉంటే ఇబ్బంది లేదు. ఆయన ఎక్కడ కూర్చుని, ఎలా పట్టుకుని చదువుతారో ఒకసారి గమనించి నిర్ణయించండి.

అంగుళానికి చుక్కల లెక్క కూడా తెలుగుకు ముఖ్యం. 11 పాయింట్ల అక్షరానికి 167 చుక్కల తెర మీద నిలువునా దక్కేది దాదాపు 25 చుక్కలు. అందులో ఒత్తుకు దక్కేది ఏడో ఎనిమిదో. ఆ ఎనిమిది చుక్కల్లో కావత్తుకూ తావత్తుకూ తేడా ఎలా చూపించాలి? 300 చుక్కల తెర మీద అదే ఒత్తుకు పదిహేను దాకా దక్కుతాయి, అక్షరం గీత తెగకుండా వస్తుంది. ఇంగ్లీషు చదివేవారికి ఈ తేడా సొగసుకు సంబంధించినది, మనకు అర్థానికి సంబంధించినది. పాత పరికరం చవకగా వస్తోందని 167 చుక్కలది తీసుకోవద్దు. 6, 7, 7.8 అంగుళాల వాటిలో 300 అడగండి. 10.3 అంగుళాల వాటిలో కొన్నింటికి 227 ఉంటుంది. అక్షరమే పెద్దది కాబట్టి అక్కడ అది చాలు.

రంగు వద్దన్నది ఇందుకే. ఇప్పటి రంగుల ఈ-ఇంకు తెరలు చాలావరకు నలుపు తెలుపు తెర మీద రంగుల జల్లెడ పరిచి చేసినవి. నలుపు తెలుపులో 300 చుక్కలుంటే రంగులో 150కి పడిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ జల్లెడ వెలుతురును కొంత మింగేస్తుంది. తెల్లగా ఉండవలసిన కాగితం బూడిదరంగుకు తిరుగుతుంది, దీపం ఎప్పుడూ వేసి ఉంచాలి. పిల్లల బొమ్మల పుస్తకాలకు, పటాలకు రంగు బాగుంటుంది. నవలలు చదివే పెద్దాయనకు కావలసింది తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరం.

ఇక ఏ పరికరం. మూడు దారులున్నాయి. ఆండ్రాయిడ్ మీద నడిచే ఈ-ఇంకు పరికరాలు, ఓనిక్స్ వారి బూక్స్ లాంటివి, తెలుగును మీ ఫోను చూపించినట్టే చూపిస్తాయి, నచ్చిన చదువరి యాప్, అంటే పుస్తకాన్ని తెరిచి చూపించే సాఫ్ట్‌వేర్, వేసుకోవచ్చు. మీ పరిస్థితికి నా మొదటి సూచన ఇదే. బ్యాటరీ మిగతావాటి కన్నా తక్కువ రోజులు వస్తుంది, మెనూలు ఎక్కువ, వాటిని మీరు ముందే సర్దిపెట్టాలి. రెండోది కోబో. కెనడా కంపెనీ, 2012 నుంచి జపాన్ వారి రకుటెన్ చేతిలో ఉంది. దీనిలో ఫాంటు వేసుకోవడం చాలా తేలిక, ‘ఫాంట్స్’ అనే ఫోల్డరు పెట్టి ఫైలు అందులో వేస్తే చాలు. మన దగ్గర దుకాణాలలో తేలికగా దొరకదు. విదేశాల నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవారు ఉన్నారు కానీ, అప్పుడు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. మూడోది కిండిల్. తెర నాణ్యతలో దేనికీ తీసిపోదు. కానీ దానిలో తెలుగు ఎలా వస్తుందో ఆ నమూనా మీదే చూసి కొనాలి తప్ప, ఎవరో చెప్పారని కాదు.

చూడటం ఎలా? ఒక చిన్న పరీక్ష చెబుతాను. నేను ఏ పరికరం ముట్టుకున్నా మొదట చేసే పని ఇదే. ఒక ఈపబ్ ఫైలులో ఈ మాటలు రాసుకోండి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, శాస్త్రజ్ఞుడు, ఉత్ప్రేక్ష, జ్యోత్స్న, కర్తృత్వం, వాఙ్మయం, సాఫ్ట్‌వేర్. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లోనూ మీ మెయిలులోనూ ఉంచుకుని, దుకాణంలో గానీ స్నేహితుడి పరికరంలో గానీ తెరవండి. అక్షరాలకు బదులు గళ్లు గళ్లుగా కనిపిస్తే ఫాంటు లేదని అర్థం, వేసుకుంటే సరిపోతుంది. ‘స్త్రీ’ బదులు స, త, రీ విడివిడిగా పొల్లులతో కనిపిస్తే కూర్పు సాఫ్ట్‌వేర్ లేదని అర్థం. ఫాంటు మార్చినా లాభం లేదు, ఆ చదువరినే మార్చాలి. అన్నీ సరిగా ఉండి ‘జ్యోత్స్న’ కింద ఒత్తు సగం తెగిపోతే వరుసల మధ్య దూరం చాలలేదని అర్థం, పెంచితే పోతుంది. ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో చిన్న గడి గానీ చుక్కల వలయం గానీ వస్తే, ఆ కనిపించని విభజన గుర్తును అది అర్థం చేసుకోలేదన్నమాట. చదవడానికి అడ్డం కాదు కానీ పంటికింద రాయిలా తగులుతుంటుంది.

చదువరి విషయంలో నేను మనస్ఫూర్తిగా చెప్పే పేరు కోరీడర్. ఉచితం, దాని మూల రచన అందరికీ తెరిచి ఉంటుంది, ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు కలిసి నడుపుతున్నారు. ఆండ్రాయిడ్ పరికరంలో యాప్‌లా వేసుకోవచ్చు, కోబోలో కంప్యూటర్‌కు కలిపి కాపీ చేయవచ్చు. కిండిల్‌లో మాత్రం తాళం పగలగొట్టినట్టు లోపలి రక్షణ దాటాలి, అది మీ నాన్నగారి పరికరంలో చేయమని నేను చెప్పను. కోరీడర్ అక్షరాల కూర్పుకు హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌ను వాడుతుంది, అందుకే మన ఒత్తులు ఎక్కడివి అక్కడ కూర్చుంటాయి. ఫాంటు అమరికలలో కెర్నింగ్ అనే చోట ‘బెస్ట్’ అన్నదే ఉండాలి. వేగం కోసం కిందిది ఎంచుకుంటే కూర్పు చెడుతుంది. నాకు ఒకసారి ఇది తెలియక రెండు రోజులు ఫాంట్లు మారుస్తూ కూర్చున్నాను.

స్కాన్ పుస్తకాలకు దీనిలో ఇంకో రెండు వరాలున్నాయి. అంచులు తనంతట తానే కత్తిరిస్తుంది. పాలిపోయిన అచ్చును కాంట్రాస్టు పెంచి నల్లగా చూపిస్తుంది. ఫోటోలోని పదాలను ముక్కలుగా కోసి తెరకు తగ్గట్టు మళ్లీ పేర్చే పద్ధతి కూడా ఉంది, అచ్చు బాగున్న పుస్తకాలకు అది అద్భుతంగా పని చేస్తుంది. పాత తెలుగు పుస్తకాలలో మాత్రం పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతూ ఉంటాయి, అలాంటప్పుడు ఎక్కడ కోయాలో దానికి తెలియక తడబడుతుంది. ఆ పుస్తకాలకు అంచుల కత్తిరింపుతో సరిపెట్టండి.

ఫాంటుగా నేను ఎక్కువగా వాడేది మండలి. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందుబాటులోకి వచ్చిన ఫాంట్లలో ఇది ఒకటి. వాటిలో చాలావరకు శీర్షికలకు, ఆహ్వానపత్రాలకు అందంగా ఉంటాయి, గంటల తరబడి చదవడానికి మండలి హాయి. ఇంకా ముదురుగా కావాలంటే నోటో సాన్స్ తెలుగులో లావు తక్కువ నుంచి ఎక్కువ దాకా చాలా మెట్లున్నాయి. నాన్నగారికి మామూలు దాని కన్నా ఒక మెట్టు లావుది పెట్టి చూపించండి. అక్షరం పెద్దది చేయడం కన్నా లావు చేయడం పెద్దవారి కళ్లకు ఎక్కువ ఉపకరిస్తుందని మా అమ్మ చదువుతున్నప్పుడు తెలుసుకున్నాను.

పుస్తకాలు ఎక్కడివి అంటారా. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు పేజీ పేజీ టైపు చేసి దిద్దిన పుస్తకాలను ఈపబ్‌గా దింపుకోవచ్చు, వీటి కన్నా శుభ్రమైనవి దొరకవు. స్కాన్ పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సేకరణ పెద్ద గని. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి తలపెట్టిన ప్రయత్నంలో భాగంగా ఆ గ్రంథాలయం మొదలైంది. ఆయన అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవారు. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. అది దాటినవాటిని నిశ్చింతగా దింపుకోండి. ఇప్పటి రచయితల పుస్తకాలను డబ్బిచ్చి కొనండి, దయచేసి వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లు ఎక్కించకండి. తెలుగులో పుస్తకం రాసి బతకడం ఎంత కష్టమో తెలిసినవాడిగా అడుగుతున్నాను.

నాన్నగారి చేతికి ఇచ్చే ముందు సర్దవలసినవి: పుస్తకం తెరిస్తే నేరుగా వదిలిన పేజీకి రావాలి. తెర కుడివైపు ఎక్కడ తాకినా ముందుకు వెళ్లాలి. కుదిరితే పేజీ తిప్పే మీటలు ఉన్న నమూనా తీసుకోండి, వణికే వేళ్లకు తెర కన్నా మీట నమ్మకం. ఆరు పేజీలకు ఒకసారి తెర మొత్తం నల్లగా మెరిసి శుభ్రపడేలా పెట్టండి, లేకపోతే పాత పేజీ నీడలు మిగులుతాయి. ఆ మెరుపు మామూలేనని ఆయనకు ముందే చెప్పండి. నేను చెప్పకుండా ఇచ్చినప్పుడు మా అమ్మ పరికరం పాడైందనుకుని రెండు రోజులు ముట్టుకోలేదు. వైఫై ఆపివేయండి. మొదట మూడు పుస్తకాలే పెట్టండి, మూడు వందలు కాదు.

గట్టి అట్ట ఉన్న కవరు పరికరంతో పాటే కొనండి, తర్వాత కాదు. చాలా ఈ-రీడర్లలో ఈ-ఇంకు పొర కింద సన్నని గాజు పలక ఉంటుంది. కాకినాడ నుంచి హైదరాబాదుకు రాత్రి రైలులో వస్తూ నా రెండో పరికరాన్ని కవరు లేకుండా సంచిలో బట్టల మధ్య పెట్టాను. పొద్దున్న తీసి చూస్తే పై గాజు మీద గీత కూడా లేదు, కానీ సగం పేజీ గడ్డకట్టినట్టు కదలడం లేదు. లోపలి పలక పగిలింది. తెర మార్చడానికి అయ్యే ఖర్చు దాదాపు కొత్త పరికరం ధరంత అన్నారు. చదువుతున్న నవలలో ఆఖరి అధ్యాయం ఆ సగంలో ఉండిపోయింది.

ఇంత రాశాక కూడా, పరికరం ఎంచుకునే ముందు ఆ పరీక్ష మాటలు ఒకసారి తెరిచి చూడండి. ‘వాఙ్మయం’లో ఙకారం కింద మావత్తు ఎలా కనిపించిందో, తెర కొలత ఎంతో ఇక్కడ రాయండి. ఏ ఫాంటు వేయాలో, వరుసల దూరం ఎంత పెట్టాలో దాన్ని బట్టి చెబుతాను.